కంచెలేని వనములో గుడారము

ఆఫ్రికా అరణ్యభూములలో గుడారము వేసికొని ఎనిమిది రాత్రులు గడపి వచ్చితిమని చెప్పినప్పుడు, వినినవారందఱును మమ్ము మొదట అడిగిన ప్రశ్న ఒక్కటియే: "గుడ్డ గుడారములో పండుకొన్నవారిని సింహము ఎత్తుకొని పోదా?" ప్రశ్న సహజమైనదే. బయలుదేరుటకు ముందు మేమును దానినే వేసికొంటిమి. మా మిత్రుడైతే, అట్టి చోట్ల చుట్టును ఎత్తైన ఇనుపకంచె యుండుననియు, రాత్రులు దాని తలుపులు మూసి కాపలా కాయుదురనియు తనకు తానే సమాధానము చెప్పుకొనెను. తీరా పోయి చూడగా అక్కడ కంచె లేదు. గుడారముల చుట్టును లేదు. వనము చుట్టును లేదు. కంచె లేకుండుటయే ఆ వనమునకు ప్రాణమను సంగతి మాకు క్రమముగా తెలిసివచ్చినది. అది ఎట్లో ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

మేము తిరిగినది టాంజానియా దేశపు ఉత్తరభాగము. కాలము ఫిబ్రవరి మాసము. ఆరూషా పట్టణమున బయలుదేరి తరంగీరే వనమున రెండు రాత్రులు, న్గొరొంగొరో పర్వతపు అంచున రెండు రాత్రులు, సెరెంగెటి వనమున నాలుగు రాత్రులు గడపితిమి. మేమిద్దరము గాక, జీపు నడపుచు మార్గము చూపువాడొకడు, వంటమనిషి యొకడు మాతో నుండిరి. గుడారములు, పరుపులు, పాత్రలు, గ్యాసుపొయ్యి, త్రాగునీరు, కూరగాయలు అన్నియు ఆ జీపులోనే సర్దుకొంటిమి.

ఇట్టి యాత్రను సఫారి యందురు. సఫారి స్వాహిలీ భాషలోని మాట. దానికి ప్రయాణమని మాత్రమే అర్థము, వేటయని కాదు. అరబ్బీలోని 'సఫర్' అను పదమునుండి అది ఆ భాషకు చేరినది. హైదరాబాదున ఉర్దూ వినియుండువారికి ఆ మాట కొత్తది కాదు. స్వాహిలీలో అంగడిని 'దుకా' యందురు. అది మన దుకాణమునకు దగ్గఱి చుట్టము. బండిని 'గారి' యందురు. అది మన దేశమునుండి సముద్రము దాటి పోయిన మాట. సింహమును 'సింబా' యందురు. వినుటకు మన సింహశబ్దమువలె నున్నను అది బంటు భాషాకుటుంబపు సొంతపదము.

సఫారికి పోవువారిలో పెక్కుమంది వనములలోని బసగృహములలో దిగుదురు. అది ఖర్చుతో కూడిన పని. గుడారములలో ఉండగోరువారికి వనాధికారులు కొన్ని స్థలములు కేటాయించిరి. అట్టి స్థలము కేవలము గడ్డి కోసి చదునుచేసిన నేల. ఒక ప్రక్క నీటితొట్టి, మఱుగుదొడ్లు ఉండును. సెరెంగెటిలో వంటకొఱకును, భోజనముకొఱకును కట్టిన శాలలకు నాలుగువైపుల దట్టమైన ఇనుపవల బిగించి యుందురు. మేము ఆ వలలోపల కూర్చుండి అన్నము తినుచుండగా, వెలుపల చెట్లపై కోతులు మమ్ము చూచుచుండెను. మన జంతుప్రదర్శనశాలలలో బోనులోపల ఉండునది మృగము. అక్కడ బోనులోపల ఉండునది మనిషి.

మొదటి సాయంకాలముననే వంటమనిషి మాకు కొన్ని కట్టుబాట్లు చెప్పెను. గుడారములో తినుబండారమేదియు, పండుతొక్క కూడ, ఉంచరాదు. చీకటి పడిన తరువాత తలుపు పూర్తిగా బిగించుకొనవలెను. తెల్లవాఱువఱకు వెలుపలికి రాకుండుట మంచిది. తప్పనిసరియైనచో ముందు టార్చిలైటు నాలుగుదిక్కుల త్రిప్పి, ఎక్కడనైనను కన్నులు మెఱయుచున్నవేమో చూడవలెను. పగటివేళ జీపునుండి అనుమతించిన చోటులయందు తప్ప దిగరాదు. బాట విడిచి బండిని గడ్డిలోనికి త్రోలరాదు. ప్రొద్దు క్రుంకులోగా గుడారము చేరవలెను.

ఈ కట్టుబాట్లకు మూలమొక్కటియే. సింహమునకు గుడారము ఒక పుట్టవలెనో బండవలెనో తోచును గాని, అందులో తినదగినది ఉన్నదని తోచదని అక్కడి అనుభవజ్ఞులు చెప్పుదురు. జీపు సంగతియు అట్టిదే. కదలక కూర్చున్నవారు జీపులో భాగముగా కనబడుదురు; దిగి నడచినవెంటనే మనుష్యులగుదురు. గుడ్డ పలుచనైనదే. ఆ గుడ్డను గోడవలె నిలుపునది లోపలివాని నడవడి.

తరంగీరే వనము ఏనుగులకును, బావోబాబు చెట్లకును ప్రసిద్ధి. పదిమంది చేతులు కలిపినను చుట్టిరాని ఆ బోదెలను చూచినప్పుడు మాకు గోలకొండ కోటయొద్ద నయాఖిల్లాలోని వృద్ధవృక్షము స్మరణకు వచ్చినది. 'హాతియాన్ కా ఝాడ్' అని ప్రసిద్ధమైన ఆ చెట్టు బావోబాబే. ఎన్నడో ఆఫ్రికానుండి వచ్చి మన నేలలో నాటుకొన్న జాతి అది. తరంగీరేలో ఏనుగులు ఆ చెట్ల బెరడును దంతములతో చీల్చి తినుటవలన బోదెలపై పెద్ద గాయములు కనబడును.

న్గొరొంగొరో ఒక చల్లాఱిన అగ్నిపర్వతము. సుమారు 25 లక్షల సంవత్సరముల క్రిందట దాని శిఖరము లోనికి కూలిపోగా పెద్ద గిన్నెవంటి లోయ ఏర్పడినది. లోతు సుమారు 600 మీటర్లు. అడుగుభాగపు వైశాల్యము సుమారు 260 చదరపు కిలోమీటర్లు. లోయలో రాత్రి నిలువనీయరు. ఉదయము దిగి సాయంకాలము మరల పైకి రావలెను. మా గుడారము అంచుపైన వేసికొంటిమి. అక్కడి చలి మన తెలుగునాట ఎఱుగని చలి. రెండవనాటి సంధ్యవేళ ఏనుగొకటి నీటితొట్టి యొద్దకు నడచివచ్చెను. ఇరువదిమంది యాత్రికులు ఎక్కడివారక్కడనే నిలిచిపోయిరి. అది తొండముతో నీరు త్రాగి, ఒక గుడారపు త్రాటిని జాగ్రత్తగా దాటి చీకటిలోనికి పోయెను.

ఈ లోయను చూచినవారికి, మృగములకు ఇంతకంటె సురక్షితమైన కోట వేఱొకటి లేదనిపించును. కాని అక్కడి సింహముల చరిత్ర వేఱు మాట చెప్పుచున్నది. 1962లో కుట్టు ఈగల ఉపద్రవము వచ్చి లోయలోని సింహములలో అధికభాగము చనిపోయినవి. మిగిలినవి అతిస్వల్పము. నేడున్నవి చాలవఱకు ఆ కొద్దివాని సంతానమే. వెలుపలి సింహములు వచ్చి కలియుట మిక్కిలి అరుదగుటచే, తరతరములుగా దగ్గఱి బంధువుల నడుమనే సంతానము కలుగుచు జాతి వైవిధ్యము తగ్గినదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ప్రకృతి కట్టిన కోటగోడ కూడ లోపలివారికి మేలొక్కటియే చేయదు.

అక్కడనుండి సెరెంగెటికి పోయితిమి. వనము నడుమ సెరొనేరా అను చోట మా గుడారము. రెండవ రాత్రి జరిగినది చెప్పక తప్పదు. ఇంటినుండి తెచ్చుకొన్న వేరుసెనగ ఉండల డబ్బా యొకటి మా బట్టలసంచి అడుగున మిగిలిపోయెను. తక్కిన తిండి అంతయు వంటశాలలో అప్పగించితిమి గాని దీని సంగతి మఱచితిమి. అర్ధరాత్రమున గుడారమునకు ఆనుకొని అడుగుల చప్పుడు వినవచ్చినది. తరువాత, మా తలలకు జానెడు దూరమున, గుడ్డకు ఆవలివైపున, గట్టిగా వాసన చూచుచున్న ఊపిరి.

"ఏమోయ్, ఆ ఉండల డబ్బా ఎక్కడ పెట్టావు?" అని మా మిత్రుడు గొణిగెను.

"నీ తలకింద సంచిలోనే ఉంది. మాట్లాడకు."

మఱి మాటలు లేవు. ఆ డబ్బామూతను రెండు చేతులతో నొక్కిపట్టి ఆయన తెల్లవాఱువఱకు కూర్చుండెను. కొంతసేపటికి ఊపిరి తొలగిపోయినది. దూరమున దుమ్ములగొండి అఱపు, క్రిందినుండి పైకి సాగి తెగిపోవునది, వినబడెను. ఉదయమున చూడగా వెలుపల విడిచిన మా మిత్రుని తోలుచెప్పులలో ఒకటి లేదు.

వంటమనిషి అడుగుల జాడ చూచి 'ఫీసి' యనెను. దుమ్ములగొండి యని అర్థము. డబ్బా సంగతి దాచక చెప్పితిమి. అతడు కోపపడలేదు. "మీరు రెండునాళ్లలో వెళ్లిపోవుదురు. గుడారములో తిండి యుండునని నేర్చుకొన్న మృగము ఇక్కడనే యుండును. అది తరువాత వచ్చువారి గుడారము చింపును. చివఱకు దానినే కాల్చవలసి వచ్చును" అని మాత్రము చెప్పెను. అంతవఱకు ఆ కట్టుబాట్లు మమ్ము కాపాడుటకే యని తలచియుంటిమి. అవి మానుండి మృగములను కాపాడుటకు కూడ అని ఆనాడు తెలిసినది.

గుడారము చుట్టు కంచె లేకున్నను నడవడి చాలునన్నమాట. మఱి అంత పెద్ద వనము చుట్టును కంచె ఏల లేదు? సెరెంగెటి జాతీయవనము 1951లో ఏర్పడినది. దాని విస్తీర్ణము సుమారు 14,763 చదరపు కిలోమీటర్లు. అక్కడి ప్రధానమృగము విల్డెబీస్టు, స్వాహిలీలో న్యుంబు. దున్నకొమ్ములు, మేకగడ్డము, గుఱ్ఱపుతోక ఒక్కచోట చేర్చినట్లుండు ఈ మృగములు సుమారు 13 లక్షలు కలవు. వానితో రెండు లక్షల వఱకు చారలగుఱ్ఱములును, లక్షలకొలది చిన్న జింకలును సంచరించును.

మేము పోయిన ఫిబ్రవరి మాసమే న్యుంబులు ఈనుకాలము. దక్షిణమైదానములలో కనుచూపుమేర నల్లగా అవియే. ఆ నేల అగ్నిపర్వతముల బూడిద పడి ఏర్పడినది. దానిపై పెరుగు పొట్టిగడ్డిలో సున్నము, భాస్వరము హెచ్చుగా నుండుటచే పాలిచ్చు తల్లులకు అంతకు మించిన మేత లేదు. నూటికి ఎనుబది దూడలు మూడు వారముల వ్యవధిలోనే పుట్టును. సింహములును దుమ్ములగొండులును తినగలిగినంత తిన్నను, ఒక్కసారి పుట్టిన ఆ సంఖ్యముందు అది కొద్దిపాటియే. మా కన్నులయెదుట పుట్టిన దూడ పది నిమిషములైనను కాకమునుపే వణకుచు నిలువబడి తల్లి వెంట నడచినది.

అయితే ఆ మైదానములలో వానలు వెనుకబట్టిన పిదప త్రాగుటకు నీరు మిగులదు. మే మాసమునకు గడ్డి ఎండును. అప్పుడు మందలు పడమరకును ఉత్తరమునకును కదలును. జూలై మొదలు అక్టోబరు వఱకు కెన్యా సరిహద్దున మారా నదిని మొసళ్లనడుమ ఈదుచు ఆవలి ఒడ్డునకును, ఈవలి ఒడ్డునకును దాటుచుండును. నవంబరు జల్లులతో మరల దక్షిణమునకు మఱలును. ఉత్తరమున నీరున్నది గాని గడ్డిలో ఆ సారము లేదు; దక్షిణమున సారమున్నది గాని ఏడాది పొడవున నీరు లేదు. రెండును కావలెను. నడుమ కంచె పడినచో రెండును పోవును.

ఇది ఊహ కాదు. బోట్స్వానా దేశమున 1950వ దశకమునుండి పశువులకు గాలికుంటు రోగము సోకకుండుటకై పొడవైన కంచెలు నిర్మించిరి. 1980వ దశకపు తొలి యేండ్లలో కఱవు వచ్చినప్పుడు, నీటికై బయలుదేరిన న్యుంబులు దారి మూసియుండుటచే వేలకొలది చచ్చిపోయినవి. సెరెంగెటి ఉత్తరభాగమున పెద్ద రాజమార్గము వేయవలెనని 2010లో ప్రతిపాదన వచ్చినప్పుడు లోకమున కలిగిన ఆందోళనకు కారణమిదియే. నేడు బండ్లు, రేపు ప్రమాదములు, ఎల్లుండి బాట కిరుప్రక్కల కంచె యని భయము. 2014లో తూర్పు ఆఫ్రికా న్యాయస్థానము వనముగుండ తారుబాట వేయరాదని తీర్పు చెప్పినది.

కంచె లేకపోవుటవలన కష్టమును కలదు. వెలుపలి రోగము లోనికి వచ్చును. ఒకప్పుడు మన పల్లెలలో ముసర యనుచు రైతులు గడగడలాడిన పశువుల మహామారి 1880వ దశకము చివర ఆఫ్రికా ఈశాన్యభాగమున ప్రవేశించి ఖండమంతట వ్యాపించినది. పశువులతోపాటు న్యుంబులును, అడవిదున్నలును కుప్పలుగా కూలినవి. పశువులే జీవనాధారమైన మాసాయిజాతి భయంకరమైన క్షామమునకు గుఱియైనది. ఆ రోగము పోక దశాబ్దములపాటు న్యుంబుదూడలను తినుచుండెను. 1961 ప్రాంతమున సెరెంగెటిలో న్యుంబులు సుమారు 2.5 లక్షలు మాత్రమే. పిమ్మట చుట్టుపట్ల గ్రామములలోని పశువులకు టీకాలు వేయగా వనములోని రోగము దానంతట అదియే అణగిపోయినది. 1977 నాటికి న్యుంబులు 13 లక్షలు దాటినవి. ఒక్క న్యుంబునకైనను సూది వేసినవారు లేరు. వెలుపలి ఆవు ఆరోగ్యముగా నుండుటచే లోపలి మృగము బ్రతికినది. లోకమంతటను ఆ రోగము నిర్మూలమైనట్లు 2011లో ప్రకటించిరి.

రెండవవైపునను ఇట్టిదే కలదు. న్యుంబుల దూడలనుండి పశువులకు సోకు ప్రాణాంతకమగు జ్వరమొకటి యున్నది. న్యుంబునకు దానివలన హాని లేదు. ఆవునకు సోకినచో సాధారణముగా బ్రతుకదు. అందుచే న్యుంబులు ఈను కాలమున మాసాయివారు తమ మందలను ఆ శ్రేష్ఠమైన గడ్డికి దూరముగా త్రోలుకొని పోవుదురు. ఏటేట మంచి మేతను మృగములకు వదలి తాము ప్రక్కకు తొలగువారు వారు. యాత్రికులు చెల్లించు ప్రవేశరుసుము అందఱకు తెలియును. ఈ చెల్లింపు ఏ చీటిమీదను వ్రాయబడదు.

వారు చెల్లించినది అంతటితో తీరలేదు. న్గొరొంగొరో అంచున దారిప్రక్క రాతిసమాధి యొకటి చూచితిమి. జర్మను జంతుశాస్త్రజ్ఞుడు బెర్న్‌హార్డు గ్రిమెక్, ఆయన కుమారుడు మైకేల్, చారలు పూసిన చిన్న విమానములో తిరిగి సెరెంగెటి మందలను లెక్కించిరి. పటముమీద గీసిన వనపుటెల్లలు మందల నడకతో సరిపడుట లేదని వారు చాటిరి. 1959 జనవరిలో ఆ విమానము కూలి మైకేల్ మరణించెను. ఆ సమాధి ఆయనది. ఆ 1959లోనే వనపు టెల్లలు మార్చి, సెరెంగెటిలో మనుష్యులు నివసింపరాదని నిశ్చయించి, మాసాయివారిని న్గొరొంగొరో భాగమునకు తరలించిరి. ఇక్కడ మనుష్యులును, పశువులును, మృగములును కలిసియుండవచ్చునని మాట యిచ్చిరి. జనమును పశువులును పెరిగి నేల భరింపలేకున్నదని చెప్పుచు, 2022లో ప్రభుత్వము అక్కడివారిని దూరముననున్న మ్సొమేరా గ్రామమునకు తరలించుట ప్రారంభించినది. ఇష్టపడినవారినే పంపుచున్నామని ప్రభుత్వము చెప్పినది; వైద్యమును ఇతర సౌకర్యములును తగ్గించి తమ్ము పొమ్మనుచున్నారని మాసాయివారిలో పెక్కుమంది మొఱపెట్టిరి. మఱియొక ప్రక్క, కెన్యాలోని మారా చుట్టుపట్ల భూములు పంచుకొన్న కుటుంబములు తమ గడ్డిని కాపాడుకొనుటకై కంచెలు వేసికొనుచున్నవి. వారిని తప్పుపట్టుట సులభము. గడ్డి తప్ప వేఱు ఆస్తి లేనివాని ఇంట నిలిచి ఆ మాట చెప్పుట కష్టము.

కావున కంచెలేని వనము దానంతట అది నిలుచునది కాదు. గుడారములోని యాత్రికుడు తిండిడబ్బాను వంటశాలలో అప్పగించుట మొదలు, ప్రభుత్వము బాటను వేఱు దారిని మళ్లించుట వఱకు, కాపరి మందను ప్రక్కకు త్రోలుట వఱకు, ఒకరి సంయమముపైన ఇంకొకరి ప్రాణము ఆధారపడి యున్నది. అందులో తేలికయైన భాగము మాది. బరువైన భాగము అక్కడ పుట్టి పెరిగినవారిది. అట్టి వనములను చూచి మెచ్చుకొనువారు ఈ లెక్కను మఱువరాదు. కాపరికి న్యాయము జరుగనిచో కంచె వచ్చును. కంచె వచ్చినచో మంద పోవును.

సింహము ఎత్తుకొని పోదా యని అడిగినవారికి మా మిత్రుడు ఇప్పుడు మాటలతో బదులు చెప్పుట లేదు. మిగిలిన ఆ ఒంటిచెప్పును లోపలినుండి తెచ్చి చూపించి, తప్పు ఎవరిదో కూడ తానే చెప్పుచున్నాడు.